కుడి సైడ్ పెడితే వైట్ ఎడమకెందుకు పోతది?

తెర: హన్మకొండ నయీంనగర్‌లో ఒక పూల్ పార్లర్. పైనుంచి టేబుల్ కనిపిస్తుంది.

వాయిస్: వైట్ బాల్‌ను మధ్యల గాకుండ కుడి పక్కన, అంటే కుడి సైడ్ పెట్టి గట్టిగ కొట్టిన్రు. బాల్ మిస్. వెంటనే స్టిక్‌ను తిప్పి చూసి "టిప్ ఖరాబైంది భాయ్" అంటరు. పాపం స్టిక్ కొసకున్న ఆ టిప్ ఏం చేసిందని?

తెర: టిప్, వైట్ బాల్ దగ్గరగా. స్లో మోషన్.

వాయిస్: టిప్ బాల్‌ను తాకి ఉండేది సెకనుల దాదాపు వెయ్యో వంతు. గంతలనే బాల్ తిరుగుడు మొదలువెట్టి టిప్‌ను కుడికి నెడ్తది. టిప్ బాల్‌ను ఎడమకు నెడ్తది. ఇదే స్క్విర్ట్. స్టిక్ మొత్తం ఎంత బరువున్నదన్నది కాదు లెక్క, టిప్ నుంచి జానెడు లోపల ఎంత బరువున్నదన్నదే లెక్క. అందుకే స్క్విర్ట్ తగ్గించే లో డిఫ్లెక్షన్ షాఫ్ట్‌లల్ల, అంటే స్టిక్ ముందు భాగంల, కొసను లోపల డొల్ల చేస్తరు, ఫెరూల్ (టిప్ కిందుండే తొడుగు) తేలికది పెడ్తరు, లేకుంటే కార్బన్ ఫైబర్ వాడుతరు. అయినా స్క్విర్ట్ తగ్గుతది గని పోదు. గ్రిప్ బిగించినా వదులు చేసినా పెద్ద ఫరక్ పడదు. చేతికి తెలిసే లోపే బాల్ పోయింది.

తెర: టేబుల్ మీద రెండు గీతలు, మధ్యన ఒక డిగ్రీ తేడా.

వాయిస్: స్క్విర్ట్‌తోని ఒక్క డిగ్రీ దారి తప్పితే ఎంతనుకుంటున్నరు? తొమ్మిది అడుగుల టేబుల్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి 4.4 సెంటీమీటర్లు. బాల్ వెడల్పు 5.7. అంటే ముప్పావు బాల్ తప్పినట్టే.

తెర: పక్కనుంచి షాట్. బట్ (స్టిక్ వెనక కొస) కొంచెం పైకి లేచి ఉంది.

వాయిస్: ఇప్పుడు రెండోది, స్వర్వ్. రైల్, అంటే టేబుల్ అంచు, అడ్డముంటది గనక బట్ ఎంతో కొంత లేస్తది. అప్పుడు స్పిన్ వాలుతది, బాల్ క్లాత్ మీద జారుకుంట సైడ్ పెట్టిన దిక్కుకు వంగుతది. జారుడు ఆగి దొర్లుడు మొదలైతే ఇగ సీదా పోతది. ఆ వంపు పారాబోలా అని ఫ్రాన్స్ శాస్త్రవేత్త కోరియోలిస్ 1835లనే లెక్క గట్టిండు. మెల్లగ కొడ్తే బాల్ తొందరగ వంగుతది, గట్టిగ కొడ్తే దూరం పోయినంక వంగుతది. స్క్విర్ట్ మాత్రం స్పీడ్‌తోని పెద్దగ మారదు. అందుకే మెల్లగ కొట్టినప్పుడు ఎడమకు పోయిన వైట్ మళ్ల కుడికి వచ్చి తగులుతది. మనమేమో కరెక్ట్ ఎయిమ్ చేసినమని మురుస్తం! అదే ఎయిమ్‌తోని గట్టిగ కొడ్తే పోయె. కొత్త క్లాత్ మీద ఎక్కువసేపు జారుతది, వంపు ఆలస్యమైతది. వానకాలంల చెమ్మపట్టిన పాత క్లాత్ అయితే జల్ది పట్టుకుంటది.

తెర: బ్రిడ్జి చెయ్యి (స్టిక్ ముందు భాగాన్ని ఆనించే చెయ్యి) దగ్గరగా. బట్ ఎడమకు జరుగుతుంది.

వాయిస్: మరి స్క్విర్ట్‌ను ఎట్ల సరిచేయాలె? పార్లర్ గోడకున్న స్టిక్కులల్ల ఒక్కటి ఎంచుకోండ్రి, రోజూ గదే పట్టుండ్రి. రోజుకో స్టిక్ మారిస్తే, ఎంత ఖరీదైనదైనా మీ కన్ను నేర్వదు. బట్ వీలైనంత కిందికి పెట్టి, వైట్ మధ్యలకు ఎయిమ్ చేయుండ్రి. బ్రిడ్జి చెయ్యి కదపకుండ బట్‌ను ఎడమకు జరిపితే టిప్ కుడికి వస్తది. గట్టిగ కొట్టుండ్రి. వైట్ ఎడమకు తప్పితే బ్రిడ్జిని బాల్‌కు దగ్గరగ జరపాలె, కుడికి తప్పితే ఎన్కకు. వైట్ సీదా పోయే దూరం దొరికినంక, స్టిక్ మీద బ్రిడ్జి ఆనిన చోట పెన్సిల్ తోని చిన్న గీత పెట్టుకోండ్రి. లో డిఫ్లెక్షన్ దానికి ఆ గీత ఇంకింత ఎన్కకే వస్తది.