అమ్మేవాళ్లు ఉన్నారు, వండేవాళ్లు కావాలి

(అనంతపురంలో స్వచ్ఛంద కార్యకర్తలు, కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు, సంతలు నడపాలని ఉత్సాహపడుతున్న మిత్రులకు నమస్కారం.

రైతు సంతల మీద మాట్లాడమంటే చాలామంది దళారుల మీద విరుచుకుపడి, రైతు పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకొని దిగిపోతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. తెల్లవారకముందే మార్కెట్ యార్డుకు వెళ్లేది దళారి, లారీ మాట్లాడేది దళారి, కుళ్లిన గంపల నష్టం నెత్తిన వేసుకునేది దళారి, విత్తనాల వేళ రైతుకు చేబదులు ఇచ్చేదీ దళారే. ఆ చేబదులు వడ్డీని రైతు పంట ధరలో కోత రూపంలో కట్టుకుంటాడు, అది వేరే సంగతి. దళారిని తప్పించాలనుకుంటే ఈ పనులన్నీ ఇంకెవరో నెత్తికెత్తుకోవాలి. మనలాంటి లాభాపేక్ష లేని సంస్థలకు ఏదైనా పని ఉందంటే అది ఇదే: నీడకు పందిరి, సరైన తూకం, పల్లె నుంచి వచ్చే బస్సు వేళ, అమ్మగా మిగిలిన సరుకుకు దారి. ఇవి చూసుకోలేనప్పుడు బ్యానరు కట్టి ప్రయోజనం లేదు.

అయితే ఇవన్నీ చక్కగా అమరినా సంత ఏడాది తిరగకుండానే మూతపడవచ్చు. ఎందుకో చెప్పడానికే వచ్చాను. మన సీమలో కొర్ర, సామ, అనుము, ఉలవ పొలంలో తగ్గినంతగా వంటింట్లోనూ తగ్గాయి. వాటిని పొలంలోకి తిరిగి తేవడానికి ప్రభుత్వం, సంస్థలు ఎంతో కొంత పాటుపడుతున్నాయి. వంటింట్లోకి తేవడానికి పాటుపడేవాళ్లు కొద్దిమందే. కొనేవాళ్లకు వండటం తెలియని సరుకును ఎంత మంచి పందిరి కింద పెట్టినా, పొద్దుగూకేసరికి రైతు దాన్ని మూట కట్టుకొని ఇంటికి పోవలసిందే.

కాస్త వెనక్కి వెళదాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మనం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నాం. నైరుతి మేఘాలు తమ తడినంతా ఆ కొండలకు అటువైపే దించేసి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం చేరేసరికి నీరసపడతాయి. ఇటువంటి నేల మీద ఒకే పంటను నమ్ముకోకూడదని పెద్దలకు తెలుసు. జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక, కంది, అలసంద, ఉలవ, అనుము కలిపి వేసేవారు. ఒకదానికి వాన అందకపోతే మరొకదానికి అందేది. తర్వాత వేరుశనగ వచ్చింది. అమ్మకానికి నూనె మిల్లులు, బ్యాంకు అప్పు, బీమా అన్నీ దాని చుట్టూ అల్లుకున్నాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో అది 7 లక్షల హెక్టార్లు దాటింది. జూన్, జూలైలలో విత్తుతాం. సరిగ్గా ఊడలు (పూత నుంచి దిగి మట్టిలో కాయగా మారే కొనలు) నేలలోకి దిగే వేళకు ఆగస్టులో వాన ముఖం చాటేసిందా, చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కింద కాయ ఉండదు. ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు ఇది నేను చెప్పనక్కరలేదు.

ఇది పొలం కథ. కంచం కథ వేరు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో కొంపల్లో ఆకలి తీర్చిన పథకం అది. దాన్ని తప్పుపట్టే హక్కు, పస్తు పడుకోని మనకు లేదు. కానీ దానితో పాటు తెల్లన్నం రోజువారీ తిండి అయింది, సంగటి పండగకో జ్వరానికో మిగిలింది. ఇంకో కారణం మాత్రం ఉపన్యాసాల్లో వినపడదు. రాగులు, జొన్నలు తిరగలిలో వేస్తే పిండి అవుతాయి. కొర్రలు, సామలు, ఆరికలు అలా లొంగవు. వాటి పొట్టు గింజను గట్టిగా పట్టుకొని ఉంటుంది. రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. పూటకు సరిపడా కొర్రబియ్యం కోసం ఇంటి ఆడవాళ్లు కోడి కూయకముందే రోకలి పట్టేవారు. ఆ చాకిరీ నుంచి బియ్యం వాళ్లను విడిపించింది. కొర్రన్నం మానేసిన అమ్మమ్మ దారి తప్పలేదు, నడుము వాల్చింది. పాత తిండి గొప్పదని వేదికలెక్కి చెప్పే మగవాళ్లు ఈ సంగతి ముందుగా ఒప్పుకుంటే, తర్వాతి మాట ఆడవాళ్లు వింటారు.

కాబట్టి కావలసిన మొదటి వస్తువు పొట్టు తీసే మర. అది పల్లెకు దగ్గరలో ఉండాలి. ఎందుకో వివరిస్తాను, ఈ ఒక్క విషయం మీరు రాసుకున్నా చాలు. పొట్టు మాత్రమే తీసి తవుడు ఉంచిన కొర్రబియ్యంలో కొంత నూనె ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ అది ముక్కిపోతుంది. సజ్జపిండి అయితే మరీ తొందర, వారం పది రోజులకే చేదెక్కుతుంది. పెద్ద దుకాణంలో నెలల తరబడి అరల్లో ఉండాలంటే ఆ తవుడు తీసేయాలి. అందుకే అక్కడ కొర్రలు అంత తెల్లగా, నున్నగా ఉంటాయి. పాలిష్ పట్టిన కొర్రలు తిని, పాతకాలం తిండి తింటున్నామని సంతోషపడేవాళ్లను చూస్తే నాకు జాలి. ఈ సరుకు స్వభావమే అలాంటిది. కొంచెం ఆడించాలి, వెంటనే అమ్మాలి, వారంలో తినేయాలి. వారపు సంత ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. పెద్ద దుకాణం చేయలేని పనిని సంత చేయగలిగేది ఇక్కడే.

సంత చేయలేని పని కూడా చెప్పాలి. టమాటా రైతును సంత కాపాడలేదు. 2023 వేసవి దాటాక కిలో 100 రూపాయలు మించిన టమాటానే, మరో రుతువులో పత్తికొండ వైపు రోడ్ల మీద పారబోయడం చూశాం. లారీల కొద్దీ వచ్చే పంటకు గంపల లెక్కన అమ్మే చోటు ఏ మూలకు? దానికి శీతల గిడ్డంగులు, గుజ్జు కర్మాగారాలు, పెద్ద మార్కెట్లు కావాలి. ఆ బాధ్యత ప్రభుత్వానిది. బోరు కింద ఎకరం, అరెకరంలో నాలుగు రకాల కూరగాయలు పండించేవాళ్లకు, మెట్టలో పప్పులు, చిరుధాన్యాలు పండించేవాళ్లకు మన సంత పనికొస్తుంది. వాళ్లనే పిలవండి.

పిలిచేటప్పుడు ఒక నియమం మీద మాత్రం రాజీపడకండి: పండించినవారే అమ్మాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు పునాది ఇదే. రైతుకు గుర్తింపు కార్డు, మధ్యలో కమీషను లేదు, ధర టోకు కన్నా కాస్త ఎక్కువ, చిల్లర కన్నా తక్కువ. ఆలోచన ఎంత బాగుందంటే అదే ఏడాది తమిళనాడు ఉళవర్ సందై పేరుతో మదురైలో మొదలుపెట్టింది. తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. యార్డులో పొద్దున వేలంపాటలో కొన్న సరుకు, రైతు కార్డు పట్టుకొని వచ్చి కూర్చుంటుంది. కనిపెట్టడం పెద్ద విద్య కాదు. ఒకే బల్ల మీద ఇరవై రకాలు పేర్చినవాడు రైతు కాడు, ఎవరి పొలంలోనూ ఒకే వారంలో ఇరవై రకాలు కోతకు రావు. వంకాయలన్నీ అచ్చు పోసినట్టు ఒకే సైజులో ఉంటే ఎవరో ఏరి పెట్టినవి. రైతు గంపలో పెద్దవి, చిన్నవి, ఒకటి రెండు పుచ్చువి కలిసి ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే పొలం చూసి రండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ పనిని చట్టం చేసింది. రైతు ఏమేం పండిస్తున్నాడో స్థానిక వ్యవసాయ అధికారి పొలానికి వెళ్లి చూసి పత్రం ఇస్తాడు. ఆ పత్రాన్ని సంతలో అందరికీ కనపడేలా తగిలించాలి. అందులో లేని పంట అమ్మకూడదు.

ఆ రాష్ట్రంలోనిదే మరో ఉదాహరణ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1989 భూకంపానికి రేవు ఒడ్డున ఉన్న రెండంతస్తుల రహదారి దెబ్బతింది. బాగుచేయకుండా కూల్చేశారు. బయటపడిన ఆ తీరంలో రైతుల సంత మొదలైంది. 1994లో దాన్ని చూసుకోవడానికి లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. ఇప్పుడు దాని పేరు ఫుడ్‌వైజ్. నన్ను ఆకట్టుకున్న సంగతేమిటంటే, వాళ్లు సంత ఎంత ముఖ్యమో చదువు కూడా అంతే ముఖ్యమనుకున్నారు. సంతలోనే వంటవాళ్లు నిలబడి, ఆ వారం వచ్చిన కాయగూరతో వండి చూపిస్తారు. బడిపిల్లలను తీసుకొచ్చి, రైతుతో మాట్లాడించి, వాళ్లతోనే కొనిపించి, వండిస్తారు. మన దగ్గర సంతలు నడిపే చాలా సంస్థలకు పొయ్యి అనే ఆలోచనే రాలేదు. వచ్చిన చోట ఫలితం కనపడింది. జహీరాబాద్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు చిరుధాన్యాల భోజనశాలే తెరిచారు. మన చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, రైతులే సభ్యులైన ధరణి సహకార సంఘంతో కలిసి పంట కొనడం, శుభ్రం చేయడం, అమ్మడం దాకా వెళ్లింది. మీరు కొత్తగా మొదలుపెట్టేముందు అక్కడికి ఒకసారి వెళ్లి రండి, దూరం కూడా కాదు.

పొయ్యి దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. కొర్రన్నం గొంతు దిగదని చాలామంది అంటారు. నిజమే, బియ్యం వండినట్టు వండితే దిగదు. కడిగి కొన్ని గంటలు నానబెట్టాలి. గ్లాసు కొర్రలకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోయాలి. ఉడికాక మూత తీయకుండా కాసేపు వదిలేయాలి. పక్కన పుల్లగూరో, ఉలవచారో ఉండాలి, ఎందుకంటే ఆ అన్నం జారుడుగా కలిసే కూరను కోరుతుంది. ఇంత చిన్న విషయం తెలియక, కిలో కొన్నవాళ్లు రెండోసారి కొనరు. ఆ కిలో డబ్బాలో పురుగు పడుతుంది, నింద కొర్రల మీద పడుతుంది.

పితికిపప్పు సంగతి ఇంకా తమాషా. చలికాలంలో అనపకాయలు, అంటే అనుముల పచ్చికాయలు, సంతకు వస్తాయి. గింజలు ఒలిచి రాత్రి నానబెడితే పొద్దుటికి తోలు వదులవుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ పెట్టి నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. నేర్పు లేకపోతే పక్కవాళ్ల కంట్లో పడుతుంది. పిల్లలకు ఈ పని అప్పగించండి, ఫోను పక్కన పెట్టేస్తారు. ధనియాలు, చెక్క, లవంగం, కొబ్బరి నూరి వేసిన ఆ కూరను వేడి సంగటితో ఒకసారి పెట్టారంటే, మరుసటి సంతలో అనపకాయల ఆవిడ గంప తొందరగా ఖాళీ అవుతుంది. నేను చదివిన కరపత్రాలేవీ ఇంత పని చేయలేదు.

చిరుధాన్యాలను మందుగా అమ్మకండి. చక్కెర వ్యాధి పోతుంది, కీళ్లు బాగుపడతాయి అని బోర్డులు పెడుతున్నారు. కొర్రల్లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే, కంచం నిండా వడ్డించుకుంటే చక్కెర పెరుగుతుంది. చెప్పగలిగిన నిజాలు వేరే ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది అందులో చాలా స్వల్పం. తవుడుతో తింటే పీచు అందుతుంది. ఇవి చాలు. మిగిలినది రుచి చూసుకుంటుంది.

బడుల విషయం. 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో వారానికి 3 రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు, మంచి పని. మన సంస్థలు బడికి వెళ్లినప్పుడు చేసే పొరపాటు ఒకటుంది. కూలికి పోయే తల్లుల పిల్లలను కూర్చోబెట్టి, అన్నం ఎక్కడి నుంచి వస్తుందో బొమ్మలేసి చెబుతారు. ఆ పిల్లలకు కలుపు తీయడం వచ్చు. వాళ్లను అడగవలసిన ప్రశ్న వేరు: మీ అవ్వ ఉలవలతో ఏమేం చేస్తుంది, అడిగి రాసుకురండి అనాలి. ఆ కాగితాలను సంతలో తగిలించండి. బొమ్మలు పట్నం ప్రైవేటు బడికి దాచుకోండి, అక్కడ అవసరం.

ధ్రువపత్రాల గురించి రెండు మాటలు, ఎప్పుడూ అడుగుతారు కాబట్టి. 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా తినేవాళ్లకు అమ్మితే సేంద్రియ ధ్రువీకరణ తప్పనిసరి కాదు. ధ్రువీకరించిన సేంద్రియ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేసుకోకూడదు. ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) పద్ధతి కూడా ఉంది. అది ఖర్చు తక్కువ, తగవులు ఎక్కువ. తగవులుండటం మంచిదే, అంటే నిజంగా చూస్తున్నారన్నమాట.

డబ్బు దగ్గర మొహమాటపడకండి. విరాళంతో సంత నడిపితే విరాళం ఆగిన రోజే సంత ఆగుతుంది. మొదటి వారం నుంచే ప్రతి గంపకూ ఎంతో కొంత రుసుము పెట్టండి, చిన్నదైనా సరే. ఇస్తున్నవాళ్లకు అడిగే హక్కు వస్తుంది: పందిరి ఎందుకు చిరిగింది, తాగే నీళ్లెందుకు లేవు అని. అలా అడిగే రైతులున్న సంతే నిలబడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగారు. చాలామంది ఉగాదికి ముహూర్తం పెడతారు. వద్దు. ఎండలు ముదిరి బోర్లు ఎండే కాలం అది, రెండు వారాలకే బల్లలు బోసిపోతాయి. డిసెంబరులో మొదలుపెట్టండి. అప్పటికి వేరుశనగ ఇంటికి చేరి ఉంటుంది, అనపకాయ, పచ్చికంది దొరుకుతాయి, ఆకుకూరలు బాగుంటాయి. సంక్రాంతికి జనం ఎలాగూ కొంటారు. ఫిబ్రవరి, మార్చిలలో కొత్త చింతపండు వస్తుంది. వేసవి మూడు నెలలకు ముందుగానే పప్పులు, ఉలవలు, వడియాలు, చీనీ (బత్తాయి), మామిడి చూసుకోండి. కూరగాయలు లేకపోయినా ఆదివారం సంత మాత్రం తప్పించకండి. ఒకసారి వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లినవాళ్లను మళ్లీ రప్పించడం చాలా కష్టం.

ఇక ప్రశ్నలు అడగండి. ధర ఎవరు నిర్ణయించాలి అని అడిగేవాళ్లుంటే ముందు వాళ్లే లేవండి, ఆ జవాబు పొడుగు, భోజనాల వేళ దగ్గరపడుతోంది.