ముంజలో వెండి తీగ

శ్రోతలందరికీ నమస్కారం. ఎండాకాలంలో చిట్యాల, నకిరేకల్ మీదుగా పోతుంటే రోడ్డు పక్కన తాటిముంజలు కొట్టి ఇస్తుంటారు కదా. అట్లాంటి ముంజ నడుమ, పైపొర చిరగకుండా, ఎక్కడా గుచ్చకుండా, వెంట్రుక కన్నా సన్నని వెండి తీగ పెట్టాలంటే ఎట్లా?

లేజర్ కాంతితో పెట్టొచ్చు, నిజంగానే. ముంజలో కాదు గానీ, దానిలాగే ఒళ్లంతా నీళ్లుండే హైడ్రోజెల్ అనే మెత్తటి పదార్థంలో. ముందుగా అందులో సిల్వర్ నైట్రేట్ కలుపుతారు. నల్లగొండలో ఇంటర్ చదివేటప్పుడు ల్యాబ్‌లో ఇది నా వేళ్ల మీద పడింది, అప్పుడేమీ కనిపించలేదు, ఎండలోకి వచ్చి బస్సెక్కేసరికి వేళ్లు నల్లబడ్డాయి, ఎంత రుద్దినా పోలేదు. కరిగి ఉన్న వెండి వెలుతురు తగిలి మళ్లీ లోహంగా మారడమే ఆ నలుపు.

మరి లేజర్ పోయిన దారంతా నల్లబడాలి కదా? అసలు సంగతి ఇక్కడే ఉంది. వాడేది కంటికి కనిపించని పరారుణ కాంతి, దాని ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో కాంతి రేణువుకు, ఆ పని చేసేంత బలం లేదు. రెండో మూడో ఒకేసారి, ఒకేచోట పడితేనే వెండి పుడుతుంది. రెండు ఫోటాన్లు ఇట్లా కలిసి పనిచేయగలవని భౌతిక శాస్త్రవేత్త మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే లెక్కగట్టి చెప్పారు, లేజర్ వచ్చాక 1961లో గానీ అది కళ్లకు కనిపించలేదు. భూతద్దం కింద ఎండుటాకు ఒక్క చుక్క దగ్గరే కాలినట్టు, లెన్స్ కాంతిని కూడగట్టిన చోటే వెండి గింజ కడుతుంది, ఆ చుక్కను కదిపితే గీత అవుతుంది. చుట్టూ జెల్ పట్టి ఉంచుతుంది కాబట్టి ఒకదానికొకటి అంటని చుక్కలు కూడా లోపల అట్లాగే నిలబడతాయి, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

2018లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి పట్టారు. డైపర్లలో నీళ్లు పీల్చుకునే పదార్థంతో చేసిన జెల్‌లో కాంతితో గుర్తులు పెట్టి, అక్కడ వెండిని పెంచి, మొత్తాన్ని కుంచింపజేస్తే పొడవు పదోవంతుకు, ఘనపరిమాణం 1000వ వంతుకు దిగింది.

ఎందుకింత తిప్పలు అంటారేమో. మెదడూ నరాలూ మెత్తగా ఉంటాయి, వాటి సంకేతాలు అందుకోవడానికి గట్టి తీగ గుచ్చితే దాని చుట్టూ మచ్చ కడుతుంది. మెత్తటి జెల్‌లో సన్నని తీగలుంటే ఆ బాధ తగ్గాలని నా ఆశ. కాకపోతే చుక్కచుక్కగా రాయాలి, చాలా సేపు పడుతుంది, జెల్‌లో మిగిలిపోయిన సిల్వర్ నైట్రేట్ ఒంట్లోని జీవకణాలకు హాని చేస్తుంది కాబట్టి శుభ్రంగా కడగాలి.

ఇంటర్ పిల్లలూ, ఈసారి ల్యాబ్‌లో సిల్వర్ నైట్రేట్ ఉన్న గోధుమ రంగు సీసా కనిపిస్తే, సార్‌ను అడిగి, గ్లౌజులు వేసుకుని, ఒక్క చుక్క వడపోత కాగితం మీద వేసి కిటికీలో ఎండకు పెట్టి చూడండి.