లెన్సుల నీళ్లు పోసి ‘వెలిగారం లేని స్లైమ్’ అంటారా?

ఈ సీసా వెనకవైపు చిన్న అక్షరాలు చూడండి. ఇదిగో, దగ్గరగా పెడుతున్నాను. బోరిక్ ఆమ్లం. దాని పక్కనే సోడియం బోరేట్. ఇది కంటి లెన్సులు కడిగే నీళ్ల సీసా. పిల్లల చేత స్లైమ్, అంటే సాగే జిగురు ముద్ద, చేయించే వీడియోల్లో ఇప్పుడు తెల్ల గమ్ములో పోయిస్తున్నది దీన్నే. పైన మాత్రం ‘వెలిగారం లేదు, పూర్తిగా సురక్షితం’ అని ఎర్ర అక్షరాలతో వేస్తున్నారు. సోడియం బోరేట్ అంటే వెలిగారమే కదండీ! పేరు మార్చి పిల్లల చేతిలో పెడతారా?

పోయిన వారం ఈ మాటే అంటే, ‘పిల్లల ఆటను కూడా బతకనివ్వరా’ అని చాలామంది కోప్పడ్డారు. ఆట బతకాలనే నా తాపత్రయమంతా. అందుకే మళ్లీ చెబుతున్నాను. మీ ఇంట్లో చేసిన తెల్ల గమ్ము స్లైమ్ రబ్బరులా సాగిందంటే, దాని వెనక దాదాపు ఎప్పుడూ ఉండేది బోరానే, అంటే వెలిగారంలోనూ బోరిక్ ఆమ్లంలోనూ ఉండే మూలకమే. పొడిగా వేసినా, లెన్సుల నీళ్లలో కలిసి వచ్చినా అదే. ఆ నీళ్లతో పాటు వంటసోడా ఎందుకు వేయిస్తారో తెలుసా? బోరిక్ ఆమ్లాన్ని బోరేటుగా మార్చడానికి! అంటే వెలిగారం చేసే పనిని గిన్నెలోనే చేయిస్తున్నారన్నమాట.

వల అల్లడం చూసిన వాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గమ్ములో పొడుగాటి దారాల్లాంటి అణువులు ఉంటాయి. బోరేటు వెళ్లి ఒక దారాన్ని ఇంకో దారానికి ముడి వేస్తుంది. కాకపోతే వలలో పడిన ముడి అలాగే ఉండిపోతుంది. ఇక్కడ ముడి విడిపోతుంది, పక్కన మళ్లీ పడుతుంది. అందుకే మెల్లగా లాగితే సాగుతుంది, గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది. చూడడానికి అద్భుతం, కాదనను.

మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. వేసవి సెలవులకు పాలకొల్లు వచ్చింది. ఒక దుకాణంలో పొట్లం కొన్నాం. లోపల ఏముందో ఎక్కడా రాసి లేదు. తెల్లపొడిని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, గమ్ములో కలిపి, మూడు రోజులు పొద్దస్తమానం పిసికింది. నాలుగో రోజు మధ్యాహ్నం వేడి అన్నంలో ఆవకాయ వేసి చేయి పెట్టిందో లేదో, కెవ్వుమంది. చేయి తిప్పి చూస్తే వేళ్ల సందుల్లో చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది. కింద ఎర్రటి పచ్చి. ఆ పూట అక్కే కలిపి తినిపించింది. కొనిచ్చింది నేనే కాబట్టి ఆ ఎరుపు ఇప్పటికీ కళ్లలోంచి పోవడం లేదు.

‘అమ్మమ్మలు వెలిగారం పొంగించి తేనెతో పసిపిల్లల నోటికి రాయలేదా’ అంటారు. రాశారు. విదేశాల్లో కూడా పాలపీకలకు తేనె, వెలిగారం పూసేవారు. అలా పూసిన ఏడుగురు శిశువులకు మూర్ఛ వచ్చిందని 1983లో బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది. వెలిగారం ఉండాల్సిన చోటు బంగారు పనివారి బల్ల. టంకం వేసే ముందు అతుకు దగ్గర రాస్తారు, అది వాళ్ల విద్య. అన్నం కలుపుకునే చేతికి దానితో ఏమి పని?

ఐరోపాలో జిగట ఆటవస్తువుల నుంచి కిలోకు 300 మిల్లీగ్రాములకు మించి బోరాన్ బయటికి రాకూడదని నిబంధన ఉంది. 2018లో బ్రిటన్ వినియోగదారుల సంస్థ ‘విచ్’ 11 రకాల స్లైములు పరీక్షిస్తే 8 ఆ హద్దు దాటాయి. అవి కంపెనీలు కొలిచి చేసినవి! మన ఇంట్లో కొలత ఏమిటి? చిటికెడు, సాగకపోతే ఇంకో చిటికెడు.

ఇప్పుడు గోరుచిక్కుడు సంగతి. అవును, సంతలో దొరికే గోరుచిక్కుడే. 1976లో అమెరికాలో మాటెల్ కంపెనీ చిన్న చెత్తడబ్బా లాంటి డబ్బాలో ఆకుపచ్చ స్లైమ్ అమ్మింది. దాని జిగురు వచ్చింది గోరుచిక్కుడు గింజల నుంచి. ముడి వేసింది మాత్రం మళ్లీ వెలిగారమే. మొదటి నుంచీ జిగురు మొక్కది, పేచీ ముడిది. అయితే ముడి అవసరం లేని జిగురు తీసుకుంటే సరిపోదా?

ఇసబ్గోలు! ఒక గ్లాసు నీళ్లలో ఒక చెంచా పొట్టు వేసి, సన్నటి సెగ మీద కలుపుతూ పొంగు రానివ్వండి. దించండి, కాస్త ఆరనివ్వండి, మళ్లీ పెట్టండి. ఇలా నాలుగైదు పొంగులు. పొంగు పొంగుకీ చిక్కబడుతుంది. చివరికి గరిటె ఎత్తితే తాటిముంజెలా జారుతూ, తునగకుండా వేలాడుతుంది. రంగుకు బీట్‌రూట్ రసం చాలు. పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి, లోపలి దాకా చల్లారాకే పిల్లల చేతికివ్వాలి. ఇది లోపల చాలాసేపు వేడి దాచుకుంటుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడుతుంది. రెండో రోజుకు పారేయండి, తూములో మాత్రం వేయకండి.

నా నమ్మకం ఒకటి చెప్పనివ్వండి. పిల్లలు అడుగుతున్నది స్లైమ్ కాదు, బురద! మా చిన్నప్పుడు వేసవిలో కాలువలు కట్టేసేవారు. అడుగున నల్లటి ఒండ్రు మిగిలేది. పైన ఎండకు పెచ్చులు కట్టి, కాలు పెడితే లోపల చల్లగా, వెన్నలా ఉండేది. పిడికిలి బిగిస్తే వేళ్ల మధ్య నుంచి పాముల్లా వచ్చేది. ఇంత బంకమట్టి ఉన్న డెల్టాలో పుట్టిన పిల్లలను గచ్చు మీద పెంచుతున్నాం. వాళ్ల చేతులు ఆ జారుడు కోసమే వెతుక్కుంటున్నాయి. ఇప్పుడు మురుగు కలిసే కాలువలోకి పంపమని నేను అనను. కుమ్మరి దగ్గర తొక్కి సిద్ధం చేసిన మట్టి ముద్ద తెచ్చి, అరటాకు మీద పెట్టి చూడండి. మా పిల్ల రెండు గంటలు తలెత్తలేదు.

ఇంకో సంగతి. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు డబ్బా మీ ఇంట్లో ఉంటే, వీడియో ఆపి మరీ అటక మీద పెట్టండి. ‘వెలిగారం లేదు’ అని అమ్మే స్లైమ్ డబ్బా ఉంటే, వెనక ఉన్న చిన్న అక్షరాలను ఫోటో తీసి నాకు పంపండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ పైకి చదువుతాను.