కళాశాలకు రిస్క్ రిజిస్టర్: 'ఉన్న ఏర్పాట్లు' అనే గడిని నింపే పద్ధతి

నమస్కారం. ఒక కళాశాలకు రిస్క్ రిజిస్టర్‌ను, అంటే సంస్థకు ఎదురుకాగల ముప్పులనూ వాటికి చేసే ఏర్పాట్లనూ రాసుకునే పట్టికను, ఖాళీ షీటు నుంచి ఎలా తయారుచేయాలో ఈ వీడియోలో తెరపైనే చేసి చూపిస్తాను. హైదరాబాద్‌లోని ఒక అటానమస్ ఇంజినీరింగ్ కళాశాలలో నేను ఐక్యూఏసీ, అంటే అంతర్గత నాణ్యతా విభాగం పనులు చూస్తాను, ఈ పట్టికను కళాశాల పాలకమండలి అయిన గవర్నింగ్ బాడీ ముందు పెట్టే బాధ్యత కూడా నాదే. కళాశాలల నాణ్యతకు గుర్తింపునిచ్చే న్యాక్ సంస్థ ఏడు ప్రమాణాల చట్రంలో ఆరవది పరిపాలన, నాయకత్వం, నిర్వహణలకు సంబంధించినది కావడంతో, పరిశీలక బృందం వస్తున్నదని తెలిశాక హడావిడిగా పట్టిక రాసి, బృందం వెళ్లగానే దాన్ని బీరువాలో పెట్టేయడం చాలాచోట్ల జరుగుతుంది. మనం ఈ రోజు చేసేది అందుకోసం కాదు, ప్రతి మూడు నెలలకూ తెరిచి చూసుకోవడం కోసం.

ఎక్సెల్ తెరిచాను. మొదటి వరుసలో శీర్షికలు ఇవి, ఏ నుంచి కే వరకు: వరుస సంఖ్య, విభాగం, ముప్పు, ఉన్న ఏర్పాట్లు, సంభావ్యత, ప్రభావం, స్కోరు, బాధ్యులు, చేయవలసిన పని, గడువు, ఆధారం చూసిన తేదీ. పై వరుసను ఫ్రీజ్ చేశాను, కంట్రోల్, షిఫ్ట్, ఎల్ నొక్కి ఫిల్టర్ పెట్టాను. ఇదంతా తెరపైన కనిపిస్తూనే ఉంది కనుక ముందుకు వెళ్దాం.

ఇప్పుడు 'ముప్పు' అనే కాలమ్. ఇక్కడ 'సర్వర్', 'ఫీజులు', 'ర్యాగింగ్' అని ఒక్కొక్క మాట రాసి వదిలేస్తే అవి ముప్పులు కావు, విషయాలు మాత్రమే. లక్ష్యాలపై అనిశ్చితి చూపే ప్రభావమే రిస్క్ అని రిస్క్ నిర్వహణపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 31000 నిర్వచించింది కనుక, కారణం, సంఘటన, ఫలితం మూడూ ఒకే వాక్యంలో రావాలి. చూడండి, రెండో వరుసలో ఇలా రాస్తున్నాను: 'ఫీజు రీయింబర్స్‌మెంట్ విడుదల ఆలస్యమైతే, చేతిలో ఉన్న నిధి జీతాలకు చాలక, అధ్యాపకులు సెమిస్టర్ మధ్యలో మానేసి, పాఠాలు ఆగిపోయే అవకాశం ఉంది.' ఈ వాక్యం చదివితే ఎన్ని నెలల జీతాలకు సరిపడా డబ్బు విడిగా ఉంచాలి అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది, 'ఫీజులు' అనే ఒక్క మాట చదివితే రాదు.

మూడో వరుస: 'అడ్మిషన్ల సమయంలో తీసుకున్న ఆధార్, కుల ధ్రువీకరణ పత్రాల కాపీలు సిబ్బంది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నందున, అవి బయటివారి చేతిలో పడి, విద్యార్థులకు నష్టమూ సంస్థకు జరిమానా కలగవచ్చు.' సమాచార రక్షణకు తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సైబర్ సంఘటన ఏదైనా జరిగితే గుర్తించిన 6 గంటల్లోపు తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. శనివారం రాత్రి ఆ సంఘటన జరిగితే మన కళాశాలలో ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? దానికి జవాబు కూడా ఈ వరుసలోనే, 'చేయవలసిన పని' గడిలో రావాలి.

నాలుగో వరుస సర్వర్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే 'ఉన్న ఏర్పాట్లు', అంటే ఆ ముప్పును ఆపడానికి ఇప్పటికే చేస్తున్నవి రాసే ఈ గడి దగ్గరే నేను ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. 2020లో నేను వేరొక కళాశాలలో పనిచేసేవాణ్ణి. ఇంటర్నల్ మార్కులున్న సర్వర్ గురించి ఈ గడిలో 'రోజూ బ్యాకప్ తీస్తున్నారు' అని రాశాను. అడిగితే అలా చెప్పారు, నేను అలాగే రాశాను. బ్యాకప్ ఉందన్న నమ్మకంతో 5కి గాను సంభావ్యత 2, ప్రభావం 2 వేశాను. రెండూ గుణిస్తే స్కోరు 4 వచ్చి, ముప్పు తక్కువన్నట్టు గడి ఆకుపచ్చగా మారింది, గవర్నింగ్ బాడీలో ఆ వరుసను ఎవరూ అడగలేదు. ఆ అక్టోబర్ 13న నగరంలో కురిసిన కుండపోత వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరుసటి రోజు తలుపు తీసేసరికి కింది అంతస్తులోని సర్వర్ గదిలో మోకాలి లోతు నీళ్లున్నాయి. బ్యాకప్ తీసే డిస్క్ అదే ర్యాక్‌లో, అన్నిటికన్నా కింది అరలో ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే సందుల్లోంచి బురదనీరు కారింది. అధ్యాపకుల దగ్గరున్న కాగితాలు తెప్పించుకుని మార్కులన్నీ మళ్లీ ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ పిల్లలు ఫలితాల కోసం ఎదురుచూశారు.

అందుచేత ఈ గడిలో నాకు చెప్పినది రాయను, నేను చూసినది మాత్రమే రాస్తాను. మరోసారి చెబుతున్నాను, చూసినది మాత్రమే. 'బ్యాకప్ ఉంది' అని కాదు, 'బ్యాకప్ వేరే భవనంలో ఉంది, ఒక సెమిస్టర్ మార్కులను నా ఎదుట రీస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూపించారు' అని. ర్యాగింగ్ వరుసకూ ఇదే పద్ధతి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్ వేశామనే ఉత్తర్వు కాపీ ఏర్పాటు కాదు. స్క్వాడ్ హాస్టల్‌కు వెళ్లిన రాత్రుల రిజిస్టర్ తెప్పించుకుని చూడండి. నెల రోజుల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో, ఒకే సమయం వేసి ఉంటే ఆ ఏర్పాటు లేదనే భావించి స్కోరు వేయండి.

ఆధారం చూసిన రోజునే చివరి కాలమ్‌లో తేదీ వేయాలి. నేను కంట్రోల్, సెమీకోలన్ కలిపి నొక్కుతాను, ఆనాటి తేదీ పడి అక్కడే స్థిరంగా ఉంటుంది. కొందరు టుడే ఫార్ములా పెడతారు, దయచేసి అది వద్దు. ఆ ఫార్ములా షీటు తెరిచిన ప్రతిరోజూ కొత్త తేదీ చూపిస్తుంది కనుక, ఆరు నెలల క్రితం చూసిన ఆధారం ఈ రోజే చూసినట్టు కనిపిస్తుంది.

స్కోరు సులభం. జీ2లో సమానం గుర్తు, ఈ2 ఇంటూ ఎఫ్2, ఎంటర్, కిందికి లాగాను. 15, ఆపైన ఎరుపు, 8 నుంచి 14 పసుపు, మిగిలినవి ఆకుపచ్చ, కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఇలా. అయితే 1 అంటే ఏమిటో, 5 అంటే ఏమిటో రెండో షీటులో మాటల్లో రాసిపెట్టండి. మా దగ్గర సంభావ్యత 5 అంటే ప్రతి సెమిస్టర్‌లోనూ జరిగేది, 1 అంటే పదేళ్లలో ఒకసారి జరగవచ్చు అనిపించేది.

'బాధ్యులు' అనే చోట కమిటీ పేరు రాయకండి, పదవి పేరు రాయండి. పరీక్షల నియంత్రణాధికారి, హాస్టల్ చీఫ్ వార్డెన్, ఇలా. పనిచేసేవారే ఆ పనిని తనిఖీ చేయకూడదు కాబట్టి, ఆధారం చూసేవారు వేరుగా ఉండాలి. మన కళాశాలల్లో ఇంటర్నల్ ఆడిట్ అంటే చాలావరకు బిల్లులు చూడటంతోనే సరిపోతున్నది. ఈ పట్టికలోని ఎర్ర వరుసలను కూడా ఆడిటర్‌తో చూపించమని నేను ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నాను, మీరూ అడగండి.

గవర్నింగ్ బాడీకి పట్టిక మొత్తం ఇవ్వను. స్కోరు వారీగా సార్ట్ చేసి, మొదటి పది వరుసలను అడ్డంగా ఒకే పేజీలో ప్రింట్ తీసి, ప్రతి వరుసకూ వారి నుంచి ఏ నిర్ణయం కావాలో పక్కన రాస్తాను. మినిట్స్‌లో 'పరిశీలించారు' అని మాత్రమే వస్తే, ఎంత డబ్బు, ఎవరు, ఎప్పటిలోగా అన్నవి చేర్చమని కార్యదర్శిని అక్కడే కోరతాను.

ఇప్పుడు మన నాలుగో వరుసకు తిరిగి వద్దాం. సంభావ్యత 3, ప్రభావం 5, స్కోరు 15, ఎరుపు. చేయవలసిన పని: రెండో బ్యాకప్‌ను లైబ్రరీ భవనంలోని రెండో అంతస్తులో ఉంచడం. గడువు ఈ నెలాఖరు. చివరి గడిని మాత్రం నింపడం లేదు. ఆ డిస్క్ నుంచి మార్కులు రీస్టోర్ కావడం నేనింకా చూడలేదు, గురువారం మధ్యాహ్నం రమ్మన్నారు. అంతవరకు ఆ గడిని ఖాళీగానే ఉంచి షీటును సేవ్ చేస్తున్నాను.