రైల్ ట్రైల్ మీద సైక్లింగ్: ముందు గాలి ఎటుందో చూడండి

నమస్తే అండి. వెనకాల హోరు వినిపిస్తోందా? మైకు పాడవలేదు, అది గాలి. ఈ వీడియోలో సగం దాని గురించే.

రైల్ ట్రైల్ అంటే ఏంటో తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. రైళ్లు ఆగిపోయిన పాత లైన్లో పట్టాలు, స్లీపర్లు పీకేసి, ఆ కట్ట మీదే తారో కాంక్రీటో వేస్తారు. సైకిళ్లు, నడిచేవాళ్లు తప్ప మామూలుగా మోటారు బళ్లని రానివ్వరు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో హై ట్రెసిల్ ట్రైల్ ఉంది. పొడవు దాదాపు 40 కిలోమీటర్లు, చాలావరకు పొలాల మధ్యనే పోతుంది. యూరప్‌లో వెన్‌బాన్ అయితే 125 కిలోమీటర్లు. బెల్జియం, జర్మనీ, లక్సెంబర్గ్ మూడూ చూపిస్తుంది.

ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద నిటారు ఎత్తు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకే లైను వేసేటప్పుడు మిట్ట వస్తే తవ్వేశారు, పల్లం వస్తే కట్ట పోశారు. మామూలుగా 100 మీటర్ల దూరానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు పెరగదు. ఇది వినగానే ఎవరైనా "ఓస్, ఇంతేనా" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా.

మొదటిసారి వెళ్లినప్పుడు 20 కిలోమీటర్లు 50 నిమిషాల్లో లాగించేశాను. నా కాళ్లలో ఇంత దమ్ముందా అని తెగ మురిసిపోయా. వెనక్కి వద్దామని సైకిల్ తిప్పగానే గాలి మొహం మీద కొట్టింది. అప్పటిదాకా నన్ను వెనక నుంచి తోసుకొచ్చింది అదే! అదే 20 కిలోమీటర్లు తిరిగి రావడానికి గంటా ముప్పావు పట్టింది.

లెక్క చూడండి. మీరు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు, ఎదురుగాలి 15. ఒంటికి తగిలే గాలి 35 అవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నెట్టే బలం నాలుగింతలవుతుంది కాబట్టి, గాలి లేని రోజుతో పోలిస్తే ఇక్కడ మూడింతలు. పైగా చాలాచోట్ల రైలు కట్ట పొలాల కన్నా ఎత్తులో ఉంటుంది, అడ్డుగా ఇల్లూ ఉండదు, చెట్టూ ఉండదు. లైను తిన్నగా పోతుంది కనుక మలుపు తిరిగితే తగ్గుతుందిలే అనే ఆశ కూడా పెట్టుకోవద్దు.

అందుకే బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఇదిగో, ఈ గట్టు మీద గడ్డి చూడండి, కంకులన్నీ ఎటు వాలాయో. నావైపే కదా? అంటే గాలి అటునుంచి వస్తోంది, నేను మొదట అటే పోవాలి. కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఎదురుగాలి తినేస్తే, అలసిపోయాక అదే గాలి ఇంటికి చేరుస్తుంది. ఏ ఊరివైపు వెళ్లాలన్నది ఆ తర్వాతి సంగతి.

ఎదురుగాలిలో స్పీడు చూడకండి, టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఒక గేరు తగ్గించి, కాళ్లు తేలిగ్గా, ఒకే లయలో తిరిగేలా చూసుకోండి. మోచేతులు వంచి ఛాతీ కాస్త దించండి. మీరు గాలికి ఎంత చిన్నగా కనిపిస్తే అంత లాభం.

ఇంకో ఇబ్బంది, చాలామంది చెప్పనిది. కొండదారిలో దిగుడు వస్తే కాళ్లకి విశ్రాంతి దొరుకుతుంది, ఎక్కుడులో సీటు మీంచి లేస్తాం. ఇక్కడ రెండూ లేవు. గంటసేపు కదలకుండా ఒకే భంగిమలో కూర్చుంటాం. ముందు చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతి అంచున నరం నొక్కుకుపోవడం వల్ల అలా అవుతుంది. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద నిలబడి పది తొక్కులు తొక్కండి, హ్యాండిల్ మీద చేతుల చోటు మార్చండి. అది మర్చిపోతే మర్నాడు కుర్చీలో కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది.

ఇప్పుడు కెమెరా కిందికి దించుతున్నా. ఈ ఉబ్బు కనిపిస్తోందా? పక్కనున్న చెట్టు వేరు తారు కిందకి దూరి పైకి లేపింది. బొటనవేలంత ఎత్తే, కానీ స్పీడులో తగిలితే హ్యాండిల్ చేతిలోంచి జారుతుంది. చెట్ల వరస మొదలైందంటే ఇవి ఉంటాయనుకోండి. ఎదురైతే పిరుదులు కాస్త లేపి, మోకాళ్లు వదులుగా ఉంచి దాటేయండి. హ్యాండిల్ పక్కకి తిప్పొద్దు.

అసలు ప్రమాదం పొలం బాటలు ట్రైల్‌ని దాటే చోట. ఒకప్పుడు రైలొస్తే బళ్లు ఆగేవి. ఇప్పుడు ఆగు బోర్డు చాలాచోట్ల మనకే ఉంటుంది. మొక్కజొన్న ఏపుగా పెరిగిన రోజుల్లో మూల దాకా వచ్చినా ట్రాక్టర్ కనబడదు, గాలి హోరులో దాని చప్పుడూ వినబడదు. కాలు కింద పెట్టి, రెండు వైపులా చూసి దాటండి. అక్కడే టైర్లతో వచ్చిన కంకర, మట్టి పడి ఉంటాయి. దాని మీద బ్రేకు కొట్టారో, ముందు చక్రం జారుతుంది. కార్లు రాకుండా దారి మధ్యలో గుంజ పాతి ఉండొచ్చు. ముందువాడి వెనక చక్రానికి అతుక్కుని వెళ్తే అది మీకు ఆఖరి క్షణం దాకా కనిపించదు. ముందున్నవాళ్లు "గుంజ!" అని అరవాలి, మొహమాటపడొద్దు.

నీళ్లు రెండు సీసాలు, ఒక ట్యూబ్, పంపు. నీడ తక్కువ, పంక్చర్ షాపు అసలుండదు. నడిచేవాళ్లని దాటేముందు కాస్త దూరం నుంచే బెల్లు కొట్టండి, పక్కకొచ్చాక కొడితే అదిరిపడతారు.

సరే, 20 కిలోమీటర్ల రాయి వచ్చింది. సైకిల్ తిప్పుతున్నా... విన్నారా? హోరు ఆగిపోయింది.