ఇంజిన్ క్లీనర్ కొనే ముందు ఆయిల్ మూత తెరిచి చూడండి

[తెర మీద: సర్వీస్ ఎస్టిమేట్ కాగితం. చివరి రెండు లైన్ల దగ్గర ఆగిన వేలు.]

"సార్, ఇంజిన్ ఫ్లష్ వేయించేద్దామా? ఇంజెక్టర్ క్లీనర్ కూడా వేస్తే పికప్ బాగుంటుంది." బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు ఈ మాట వినే ఉంటారు. వద్దంటే ఇంజిన్‌కి ఏమవుతుందోనని టెన్షన్, సరేనంటే బిల్లు టెన్షన్. జవాబు చెప్పే ముందు ఒక్కటి ఆలోచించండి: మురికి ఎక్కడుంది? ఈ డబ్బాలో మందు అక్కడిదాకా వెళ్తుందా?

[తెర మీద: ఇన్‌టేక్ వాల్వ్ బొమ్మ. వెనక నుంచి పెట్రోల్ తుంపర.]

ముందు పెట్రోల్ సంగతి. మామూలు ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌లో ఇంజెక్టర్ పెట్రోల్‌ని ఇన్‌టేక్ వాల్వ్, అంటే సిలిండర్‌లోకి గాలిని వదిలే మూత, వెనక చిమ్ముతుంది. ట్యాంకులో పోసిన క్లీనర్ ఆ దారినే ఇంజెక్టర్‌నీ వాల్వ్‌నీ తడుపుతూ వెళ్తుంది, అక్కడ పట్టిన మసి కొంచెం కొంచెంగా వదులుతుంది. డబ్బా మీద పాలీఈథర్ అమీన్, అంటే పీఈఏ, అని ఉందేమో చూడండి. సిలిండర్ లోపలి మసి మీద కూడా పనిచేసే డిటర్జెంట్ అది. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక క్లీనర్ పోసి, తర్వాత పెట్రోల్ కొట్టించండి, బాగా కలుస్తుంది.

మీది డైరెక్ట్ ఇంజెక్షన్ బండి అయితే కథ మారిపోతుంది. హ్యుందాయ్ వెన్యూలో 1.0 టర్బో జీడీఐ, స్కోడా, ఫోక్స్‌వాగన్‌లలో టీఎస్ఐ ఇంజిన్లు ఈ రకం. వీటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, వాల్వ్ వెనక వైపు ఒక్క చుక్కా పడదు. కానీ ఇంజిన్ ఆయిల్ ఆవిరి మాత్రం గాలితో పాటు ఆ దారినే వచ్చి, వేడి వాల్వ్ మీద మాడి గట్టిపడుతుంది. ట్యాంకులో ఎన్ని డబ్బాలు పోసినా దానికి తగలదు. మరీ పేరుకుపోతే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి తెచ్చే గొట్టాలు) విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి రాలగొడతారు. పెంకు పొడి మసిని రాలుస్తుంది కానీ లోహాన్ని గీకదు. ఎవరికి తట్టిందో గానీ మంచి ఆలోచన.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ 1995 నుంచి పెట్రోల్‌లో డిటర్జెంట్ తప్పనిసరి. ఆ మోతాదు చాలదని కొన్ని కార్ల కంపెనీలు 2004లో 'టాప్ టియర్' ప్రమాణం పెట్టాయి. 2016లో అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 4,000 మైళ్లకు సమానంగా ఇంజిన్లు నడిపి చూస్తే, టాప్ టియర్ కాని పెట్రోల్‌తో సగటున 19 రెట్లు ఎక్కువ మసి పట్టింది. బంకులో ఆ గుర్తు ఉంటే డబ్బాతో పెద్దగా పని ఉండదు.

మన దేశంలో చాలామంది 95, 100 ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే ఇంజిన్ శుభ్రపడుతుందనుకుంటారు. ఆక్టేన్ నాకింగ్‌ని, అంటే పెట్రోల్ వేళ కాని వేళ అంటుకుని ఇంజిన్ టకటకలాడడాన్ని, ఆపడానికి. శుభ్రం చేసేది అందులో కలిపిన డిటర్జెంట్.

[తెర మీద: బోనెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తున్న చెయ్యి. టార్చ్ వెలుగు.]

ఇప్పుడు ఆయిల్. ఇంజిన్ చల్లారాక ఈ మూత తీసి లోపలి వైపు చూడండి, టార్చ్‌తో లోపలికీ చూడండి. తేనె రంగు పూత కనిపిస్తే బెంగ లేదు. వేలితో గీస్తే ముద్దలా వచ్చే నల్లటి జిడ్డు ఉంటే అది స్లడ్జ్. పాలరంగు నురగ ఉంటే తేమ చేరింది. చలికాలంలో, రోజూ దగ్గరి ప్రయాణాలే చేసేవాళ్లకి ఇది మామూలే. కానీ కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) చూపించాల్సిందే.

మంచి ఆయిల్‌లో డిటర్జెంట్ ముందే ఉంటుంది. ఇల్లు తుడిచిన నీళ్లు నల్లబడినట్టు, ఆయిల్ నల్లబడిందంటే మురికిని తనలోకి తీసుకుంటోందన్నమాట. డీజిల్ బండిలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లగా అవుతుంది, కంగారు పడకండి.

ఇక ఫ్లష్. పాత ఆయిల్‌లో మురికిని కరిగించే ద్రావకం పోసి, పది పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి మొత్తం దింపేస్తారు. తేనె రంగు ఇంజిన్‌కి అది దండగ. స్లడ్జ్ పట్టిన ఇంజిన్‌కి ప్రమాదం, ఎందుకంటే ఊడిన ముద్దలు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డుపడితే ఆయిల్ పైకి ఎక్కదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగేసరికి బేరింగులు అరగడం మొదలైపోయి ఉండొచ్చు. స్లడ్జ్ పట్టిన బండికి ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి కడిగించండి, తర్వాత రెండు మూడు సార్లు ఆయిల్, ఫిల్టర్ త్వరత్వరగా మార్పించండి. ఖర్చు ఎక్కువే, కానీ ఇంజిన్ దించడం కంటే చాలా తక్కువ.

ఆయిల్‌లో కలిపే 'అరుగుదల ఆపే' సీసాల మాటేమిటంటారా? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అలాంటి సీసాల్లో పేరున్న స్లిక్ 50 మీద ఫిర్యాదు చేసింది, ఆ ప్రకటనలకు తగిన ఆధారం లేదని. నేనైతే ఆ డబ్బుని మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్ మీద పెడతాను. అదే మాన్యువల్‌లో 'కఠిన పరిస్థితుల' సర్వీస్ పట్టిక కూడా ఉంటుంది. రోజూ ట్రాఫిక్‌లో నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి వర్తించేది అదే.