ఏరికలోనే ఉంది పని: పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో పవర్ బ్యాంకు

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

నా చేతిలో ఉన్నది ఇక పనికిరాదని పక్కన పడేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీ. దీని ప్లాస్టిక్ తొడుగు విప్పితే ఆరు లిథియం అయాన్ సెల్స్ కనిపిస్తాయి. ఒక్కొక్కటీ 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కనుక వీటిని 18650 అంటారు. చివరి సున్నా గుండ్రటి గొట్టం ఆకారానికి గుర్తు. ఇందులో సెల్స్‌ను రెండేసి చొప్పున పక్కపక్కనే కలిపి, ఆ మూడు జతలను వరుసగా కూర్చారు. ఏ ఒక్క జత నీరసించినా లోపలి సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. అందుకే ఇటువంటి వాటిలో ఇంకా సత్తువ ఉన్న సెల్స్ తరచుగా దొరుకుతాయి.

పవర్ బ్యాంకు తయారీ గురించి చెప్పమని నన్ను పిలిచారు. తీగలు కలిపి డబ్బాలో అమర్చడం ఒక పూట పని. సెల్ మంచిదో కాదో తేల్చుకోవడానికి మాత్రం నెల పడుతుంది. అంతవరకు ఆగలేనివారు ఈ పనికి పూనుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్యాక్ విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్‌ను లోపలికి గుచ్చకుండా, అతుకు వెంబడి కొద్దికొద్దిగా పైకి లేపాలి. సెల్ ఒంటిమీది రంగు తొడుగు కింద ఉన్న లోహమంతా మైనస్. ప్లస్ బొడిపె చుట్టూ ఉండే అంచు కూడా మైనసేనన్న సంగతి చాలామంది గమనించరు. రెంటికీ మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి, అక్కడ తొడుగు చిరిగి ఉంటే కొత్త తొడుగు వేసేదాకా ఆ సెల్‌ను వాడకూడదు. ఉబ్బినది, సొట్టపడినది, తుప్పు పట్టినది అయితే పరీక్షే అవసరం లేదు, తీసేయాలి.

తర్వాత మల్టీమీటర్‌తో కొలవాలి. నిండిన సెల్ 4.2 వోల్టులు చూపుతుంది. 2 వోల్టుల కన్నా తక్కువకు దిగిపోయిన సెల్‌ను మళ్లీ లేపాలని చూడవద్దు. అంత కిందికి దిగినప్పుడు లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా ఛార్జ్ చేస్తూ మధ్యమధ్య చేత్తో తాకి చూడాలి. వేడెక్కే సెల్ పనికిరాదు.

నిండిన ప్రతి సెల్ మీదా మార్కర్‌తో తేదీ, వోల్టేజీ రాసి నెల రోజులు ముట్టుకోకుండా ఉంచుతాను. ఒకసారి 4.18 అని రాసిపెట్టిన సెల్, ఛార్జింగ్‌లో ఏమాత్రం వేడెక్కనిది, మూడు వారాలకే 3.62కు దిగింది. దాన్ని మిగతా వాటితో కలిపి ఉంటే, మంచి సెల్స్ రాత్రింబవళ్లు దాని లోపలి లీకును పోషిస్తూ ఉండేవి. నెల తిరిగేసరికి 4.1 కన్నా దిగిన దేన్నీ నేను తీసుకోను.

పవర్ బ్యాంకులో సెల్స్‌ను పక్కపక్కనే, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్‌గా కలుపుతాం. కలిపే ముందు అవన్నీ ఒకే వోల్టేజీలో ఉండాలి. రెంటి మధ్య అర వోల్టు తేడా ఉండి, దారిలోని మొత్తం నిరోధం 0.1 ఓమ్ అయితే, కలిపిన క్షణంలో 5 ఆంపియర్లు ఒకదాని నుంచి మరొకదానిలోకి దూకుతాయి. సోల్డరింగ్ ఐరన్‌ను నేరుగా సెల్‌కు ఆనించవద్దు, ఆ వేడి దాన్ని పాడు చేస్తుంది. నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగ్ చేయాలి, అంటే క్షణకాలం కరెంటు పంపి అతికించాలి, లేదా హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల దొరికే, సెల్స్‌ను అమర్చే హోల్డర్ వాడాలి. హోల్డర్‌లో ఒక్క సెల్‌ను తిరగేసి పెట్టినా నేరుగా షార్టేనని మరవకండి.

ఛార్జింగ్‌కు టీపీ4056 చిప్ ఉన్న బోర్డు చాలు. అది 1 ఆంపియర్ దాకా ఇచ్చి 4.2 వోల్టుల దగ్గర ఆపుతుంది. సెల్ మరీ కిందికి దిగినా, షార్ట్ అయినా ఆపేసే ప్రొటెక్షన్ సర్క్యూట్ కూడా ఉన్నదే కొనండి, పది ఇరవై రూపాయల కోసం దాన్ని వదులుకోవద్దు. దాని తర్వాత వోల్టేజీని 5కు పెంచే బూస్ట్ బోర్డు. ఒక పక్క ఛార్జ్ అవుతుండగా మరో పక్క ఫోన్ పెట్టకండి, సెల్ నిండిందో లేదో చిప్‌కు సరిగా తెలియదు.

సెల్ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో ఎంఏహెచ్‌లో చెబుతారు. 2000 ఎంఏహెచ్ సెల్స్ నాలుగు కలిపితే 8000 అని సంతోషిస్తాం. అది 3.7 వోల్టుల లెక్క, అంటే 29.6 వాట్ అవర్ శక్తి. బూస్ట్ బోర్డు 85 శాతమే అందించినా చేతికి వచ్చేది 25. అంటే 5 వోల్టుల దగ్గర 5000 ఎంఏహెచ్. ఈనాటి ఫోన్‌ను సుమారు ఒకసారి నింపుతుంది. నిద్రపోయే వేళ దీన్ని ఛార్జింగ్‌కు పెట్టవద్దు, రోహిణీకార్తె ఎండలో మూసిన కారులో వదలవద్దు.

తీసేసిన సెల్స్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. వాడిన బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకుండా సేకరించేవారికే అప్పగించాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. రెండు కొనలకూ ఇన్సులేషన్ టేప్ చుట్టి ఇవ్వండి. టేప్ చుట్ట ఈ బల్ల మీదే ఉంది. ఈ ప్యాక్ విప్పుదాం, ముందుకు రండి.